మాటల్లేని హాస్యం: బరంపురం వాదన వెనక 1987

మాటల్లేని హిందీ హాస్య చిత్రం 'ఉఫ్ యే సియాపా'ను 2025 సెప్టెంబర్‌లో చాలామంది విమర్శకులు పెదవి విరిచి పంపేశారు. తీసింది మన జి. అశోక్, సంగీతం రెహమాన్. దాంతో ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లలో పాత వాదన మళ్లీ రాజుకుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన ఊళ్లకు మాటల్లేని సినిమా వరమనీ, విమర్శకులు దాన్ని గుర్తించలేదనీ ఒక పక్షం. మాటలు తీసేస్తే సరిపోదు, అవి లేకపోవడానికి కారణం ఉండాలని రెండో పక్షం.

చాప్లిన్, కీటన్‌ల సంగతి అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1987లో వచ్చిన సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం'. అందులో మాట లేదు గానీ చప్పుడుంది. సినిమా హాలు రొద పక్కనే బతికిన కుర్రాడికి ఐదు నక్షత్రాల హోటల్లో నిద్ర పట్టదు. ఆ రొదనే టేపులో పట్టుకొచ్చి పెట్టుకున్నాక గాని కన్ను మూతపడదు. 1920ల మూకీలో ఈ హాస్యం పండదు, ప్రేక్షకుడి చెవిన పడాలి కదా! కమల్ హాసన్, అమల మధ్య కిటికీలూ దూరాలూ ఉంటాయి కనుక సైగలు సహజంగా అతుకుతాయి. కిరాయి హంతకుడు టినూ ఆనంద్ పట్టుకున్న మంచుకత్తి కరిగేలోపే పొడవాలి. ఆ తొందర ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. చివర్లో అమల విసిరిన గులాబీకి చుట్టిన చిరునామా కాగితం ఎగిరి మురుగులో పడుతుంది. అందులో ఏముందో మనం చదవాల్సిన పనే లేదు. తెలుగు చదవడం రాని మన పిల్లలకూ, ఒడియా పొరుగువాళ్లకూ అక్కడ గుండె ఒకేలా కలుక్కుమంటుంది. జాతీయ పురస్కారం ఊరికే రాలేదు.

'సియాపా'లో మొగుడూ పెళ్లాం ఒకే ఇంట్లో ఎదురెదురుగా గొడవపడతారు, ఆమె అలిగి వెళ్లిపోయాక ఇంట్లోకి శవం వచ్చి పడుతుంది. అలాంటప్పుడు నోరు మెదపకపోతే నియమం కోసం ఆపుకున్నట్టే ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి ముఖం అతిగా కదలాలి, సంగీతం ప్రతి అడుగుకూ తాళం వేయాలి. నవ్వు ఎక్కడొస్తుందో సంగీతమే ముందు చెప్పేస్తే, తెర మీద కాలు జారేసరికి మిగిలేదేమీ ఉండదు. విమర్శల సారం ఇదే, ఇందులో పక్షపాతం కనబడదు.

మొదటి పక్షం మాటలోనూ నిజముంది, అయితే అది సినిమా సంగతి కాదు, హాల్లో ధ్వని సంగతి. హాల్లో ధ్వనిని సర్దే యంత్రం డాల్బీ ప్రాసెసర్లో ప్రమాణ స్థాయి 7. చాలా హాళ్లలో దాన్ని 5 దగ్గరికి దించి, మాటలు వినబడుతున్నాయా లేదా అన్నదాన్ని బట్టి సర్దుతారు. మాటే లేని సినిమాకు ఆ కొలత ఉండదు. సంగీతం హోరెత్తుతోందని ఇంకా తగ్గిస్తే గొళ్లెం తీసిన చప్పుడు, చెంచా పడిన చప్పుడు మాయమవుతాయి. వాటితో పాటే నవ్వూ పోతుంది. ఆట మొదలుకాకముందే సినిమాలో కొంత భాగం వేసి, వెనక వరుసలో కూర్చుని, అతి చిన్న చప్పుడు వినబడేదాకా పెంచి అక్కడ ఆపాలి.