ముగ్గురిని ఇచ్చి ఒకణ్ణి తెచ్చుకోవడం ఎందుకు?

చిరంజీవులిద్దరికీ పెదనాన్న ఆశీస్సులు.

"ట్రేడ్ డెడ్‌లైన్ దగ్గరికొచ్చేసింది, మా టీమ్ ఎవరిని అమ్మాలి, ఎవరిని కొనాలి, మీరే చెప్పండి పెదనాన్నా" అని మీరు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఐపీఎల్ వేలం చూస్తూ పెరిగారు కాబట్టి మీకు అమ్మడం, కొనడం అన్న మాటలే నోటికొస్తాయి. సన్‌రైజర్స్ వాళ్ళు వేలంలో పాడుకున్నట్టు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డబ్బు పెట్టి పాడుకోవడం ఉండదు. మంచి ఆటగాడు కావాలంటే మన ఆటగాణ్ణి ఇవ్వాలి. లేదా రాబోయే ఏళ్ళ డ్రాఫ్టులో కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే మన వంతును వదులుకోవాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ట్రేడ్. ఇదంతా ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం 3 గంటలలోపు తేలిపోవాలి. అది న్యూయార్క్ టైమ్. మీకు అప్పుడు రాత్రి ఒంటిగంటన్నర, కాబట్టి ఆ రోజు మేలుకుని కూర్చోవద్దు. పొద్దున్నే లేచి చూసినా వార్త ఎక్కడికీ పోదు.

మీ టీమ్ గురించి ఇప్పుడే ఏమీ చెప్పను. నాకు బాగా తెలిసిన టీమ్ ఒకటుంది, 2018-19 సీజన్ టొరంటో రాప్టర్స్. మేముండే మిస్సిసాగా వాళ్ళ అరీనాకి పక్క ఊరే. ఆ ఏడాది మే 30న ఇంగ్లండులో క్రికెట్ వరల్డ్ కప్ మొదలైంది, అదే రోజు రాత్రి ఇక్కడ ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి ఆట. ఇక్కడి తెలుగు ఇళ్ళలో రిమోట్ కోసం గొడవలు పడ్డ రోజులవి. ఆ టీమ్ ఫిబ్రవరిలో తనను తాను ఎలా చూసుకుందో అర్థమైతే, మీ ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకోగలరు.

2019 ఫిబ్రవరి 7, డెడ్‌లైన్ రోజు. అప్పటికి రాప్టర్స్ 39 గెలిచి 16 ఓడారు. కవై లెనర్డ్ అనే మహా ఆటగాడు ఉన్నాడు. పెద్ద దిక్కుగా కైల్ లౌరీ ఉన్నాడు. 2016 డ్రాఫ్టులో 27వ వాడిగా వచ్చిన పాస్కల్ సియాకమ్ ఆ ఏడాదే విరగబూశాడు. అసలు డ్రాఫ్టులో ఎవరూ ఎంచుకోని ఫ్రెడ్ వాన్‌వ్లీట్ కూడా బెంచ్ మీంచి వచ్చి ఆటలు గెలిపిస్తున్నాడు. మామూలుగా చూసేవాడు ఏమంటాడు? బాగానే ఉందిగా, ఎందుకు కదిలించడం అంటాడు. నలభై దగ్గర గెలుపులున్న టీమ్‌ను చూసి ఆ మాట అనడం తప్పేమీ కాదు. కానీ టీమ్ ప్రెసిడెంట్ మసాయి ఉజిరి, జనరల్ మేనేజర్ బాబీ వెబ్‌స్టర్ ఆ గెలుపుల్ని లెక్కలోకి తీసుకోలేదని నా నమ్మకం. వాళ్ళు చూసింది మే నెలను, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌ను.

ఎందుకంటే వాళ్ళ చేతిలో ఉన్నది ఒక్క సీజన్. అంతకుముందు జులైలో, టొరంటో వాళ్ళు ప్రాణంగా చూసుకున్న డీమార్ డెరోజన్‌ను శాన్ ఆంటోనియోకి పంపి లెనర్డ్‌ను తెచ్చుకున్నారు. కాంట్రాక్ట్ ప్రకారం లెనర్డ్ 2019 వేసవిలో తన దారి తాను చూసుకోవచ్చు. లౌరీకి 33 రాబోతున్నాయి. అందుకే రోస్టర్, అంటే టీమ్ ఆటగాళ్ళ జాబితా, చూడగానే నేను పేర్ల పక్కన పాయింట్లు రాయను, వయసు, కాంట్రాక్ట్ ముగిసే ఏడాది రాస్తాను. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ టీమ్‌కి టైమ్ ఎంతుందో తెలిసిపోతుంది. పదేళ్ళ టైమున్న టీమ్ చేసే పని వేరు, పది నెలలున్న టీమ్ చేసే పని వేరు.

ఇప్పుడు సెంటర్ దగ్గరికి రండి, అంటే బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు. యోనాస్ వాలంచూనస్, లిథువేనియా కుర్రాడు. 2011 డ్రాఫ్టులో 5వ వాడు. బలమైన మనిషి, బుట్ట కింద బంతి దొరికితే వదలడు. టొరంటోలో అతనంటే అందరికీ ఇష్టం, నాకూ ఇష్టం. మరి అతన్ని ఎందుకు పంపాలి? 2018 మే 1 నాటి ఆట ఒకసారి చూడండి. ప్లేఆఫ్స్ రెండో రౌండ్, సొంత ఊళ్ళో, క్లీవ్‌లాండ్ మీద. వాలంచూనస్ 21 పాయింట్లు చేశాడు, 21 రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతులు) తీశాడు. పేపర్లో ఆ అంకె చూస్తే ఈ టీమ్ ఇరవై తేడాతో గెలిచిందనుకుంటారు. ఓవర్‌టైమ్‌లో 113-112తో ఓడింది. తర్వాత మూడూ ఓడి 4-0తో ఇంటికెళ్ళింది. క్లీవ్‌లాండ్ వాళ్ళు కెవిన్ లవ్‌ను సెంటర్‌గా పెట్టారు. అతను బుట్ట కింద నిలబడకుండా బుట్టకి దూరంగా, మూడు పాయింట్ల షాట్ వేసే త్రీ పాయింట్ లైన్ దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. అతన్ని కాయాలంటే మన పెద్దమనిషి బయటికి రావాలి. అతను బయటికొస్తే బుట్ట దగ్గర కాపలా ఉండదు, రాకపోతే వాళ్ళు తాపీగా షాట్ వేసుకుంటారు. అతని 21లో ఈ ఇబ్బంది కనబడదు. ఆట వీడియోలో కనబడుతుంది.

పైగా 2019 మేలో టొరంటో దారిలో ఎవరున్నారో చూడండి. ఫిలడెల్ఫియాలో జోయెల్ ఎంబీడ్, ఆ సీజన్లో ఆటకి 27.5 పాయింట్లు చేస్తున్నాడు. మిల్వాకీలో ఇంకో పెద్ద స్టార్ యానిస్. ఆ వారమే ఫిలడెల్ఫియా టోబియస్ హ్యారిస్‌ను, మిల్వాకీ నికోలా మిరోటిచ్‌ను తెచ్చుకున్నాయి. మనం కదలకపోయినా పక్కవాళ్ళు కదులుతారు. ఎంబీడ్‌ను ఒంటిచేత్తో ఆపగల సెంటర్లు ఎంతమంది? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఒకడు మెంఫిస్‌లో ఉన్నాడు, మార్క్ గాసోల్. అప్పటికి 34 ఏళ్ళు. 2013లో లీగ్ మొత్తానికి బెస్ట్ డిఫెన్సివ్ ప్లేయర్. కాలు నెమ్మది, బుర్ర మహా వేగం. సెంటర్ అయ్యుండి త్రీ పాయింటర్ వేస్తాడు, పాస్ ఇస్తాడు, డిఫెన్స్‌లో వెనక నిలబడి ముందున్న నలుగురికీ ఎటు జరగాలో అరిచి చెబుతాడు.

బేరం ఇదీ: వాలంచూనస్, డెలాన్ రైట్, సీజే మైల్స్, 2024 డ్రాఫ్టు రెండో రౌండులో ఎంచుకునే వంతు మెంఫిస్‌కి, గాసోల్ టొరంటోకి. మీలాంటి పిల్లలు చాలామంది అప్పుడు అడిగిన ప్రశ్న, ఒక ముసలాయన కోసం ముగ్గురా అని.

ముగ్గురెందుకో జీతాల లెక్క చూస్తే తెలుస్తుంది. గాసోల్ జీతం ఆ ఏడాది సుమారు 2 కోట్ల 41 లక్షల డాలర్లు. వాలంచూనస్‌ది కోటీ 65 లక్షలు. టొరంటో లాంటి లగ్జరీ టాక్స్ (జీతాలు హద్దు దాటినందుకు లీగ్‌కి కట్టే పన్ను) కట్టే టీమ్, తాను పంపిన జీతానికి 125 శాతం, పైన ఇంకో లక్ష డాలర్ల వరకే తిరిగి తెచ్చుకోవాలని అప్పటి రూలు. కోటీ 65కి 125 శాతం అంటే 2 కోట్ల 6 లక్షల చిల్లర. చాలదు. ఆ ఏడాది షాట్లు పడక బెంచ్ చివరికి జరిగిన మైల్స్ జీతం 83 లక్షలు కలిపితే లెక్క సరిపోతుంది. ఇక రైట్, అతను మంచి గార్డ్, అంటే బంతి నడిపే ఆటగాడు, ఆ వేసవితో మొదటి కాంట్రాక్ట్ అయిపోతుంది. అతన్ని ఇవ్వడమే అసలు ధర. కాబట్టి ఎప్పుడైనా ట్రేడ్‌లో వింత పేరు కనబడితే వెంటనే నవ్వకండి. ఆ పేరు ఆటకోసం ఉందా, జీతం సరిపెట్టడానికుందా అని చూడండి.

ఇంకో లెక్క నాకు దీనికన్నా ఇష్టం. ఆట 48 నిమిషాలు, నేల మీద ఐదుగురు. మొత్తం 240 నిమిషాలు పంచాలి. నవంబర్‌లో కోచ్ వాటిని పదిమందికి పంచుతాడు. ప్రయాణాలు, దెబ్బలు, 82 ఆటలు, ఎవరో ఒకరు విశ్రాంతి తీసుకుంటూనే ఉండాలి. లెనర్డ్ ఆ సీజన్లో 60 ఆటలే ఆడాడు. అతను లేని 22 ఆటల్లో రాప్టర్స్ 17 గెలిచారు, అంత మంచి బెంచ్ వాళ్ళది. ప్లేఆఫ్స్ రాగానే ఆ పదిమంది కాస్తా ఎనిమిది మంది అయిపోతారు. మొదటి ఐదుగురూ 35, 40 నిమిషాలు ఆడతారు. తొమ్మిదోవాడు, పదోవాడు ఎంత మంచివాడైనా వాడికి నిమిషాలు మిగలవు. జనవరిలో బంగారంలా కనబడిన బెంచ్, మే నెలలో చొక్కా విప్పకుండా కూర్చుంటుంది. అందుకే మే కోసం ఆడే టీమ్ ముగ్గురు మంచి ఆటగాళ్ళను ఇచ్చి ఒక్క గొప్ప ఆటగాణ్ణి తెచ్చుకుంటే అది నష్టం కాదు. ఇదే బేరం పది ఏళ్ళ టైమున్న కుర్ర టీమ్ చేస్తే నేను ఒప్పుకోను.

దీని ఖరీదు కూడా చెప్పాలి. అదేరోజు ఇంకో ఇద్దర్ని వేరే టీమ్‌లకి పంపేసరికి రాప్టర్స్‌కి పూర్తి కాంట్రాక్ట్ మీద మిగిలింది పదిమంది. 15 మంది దాకా ఉండగల చోట పదిమంది! రెండ్రోజులకే వాన్‌వ్లీట్ బొటనవేలికి దెబ్బ తగిలింది. అట్లాంటా వదిలేసిన జెరెమీ లిన్‌ను తెచ్చుకుని ఆ ఖాళీ పూడ్చుకున్నారు. ఉజిరికి ఆ రెండు వారాలు ఎంత టెన్షనో నేను ఊహించగలను.

పిల్లలూ, వీళ్ళు మనుషులు. ఇది మీరు మర్చిపోకూడదని ఈ ఉత్తరంలో గట్టిగా రాస్తున్నాను. వాలంచూనస్‌కి డిసెంబర్‌లో గోల్డెన్ స్టేట్ మీద ఆడుతుంటే ఎడమచేతి బొటనవేలు పక్కకి తొలిగింది. అప్పట్నుంచి కోర్టులో దిగలేదు. టొరంటో చొక్కాలో మళ్ళీ ఆడకుండానే వెళ్ళిపోయాడు. గాసోల్ అయితే అన్న పావ్ అక్కడ ఆడుతుండగా మెంఫిస్‌లోనే హైస్కూల్ చదివాడు. ఎన్‌బీఏలో అడుగుపెట్టినప్పట్నుంచీ అదే ఊళ్ళో ఆడాడు. ఇంకా దారుణం లాస్ ఏంజెలస్‌లో జరిగింది. న్యూ ఆర్లీన్స్ స్టార్ ఆంథొనీ డేవిస్ కోసం, లెబ్రాన్ జేమ్స్ పెద్ద స్టార్‌గా ఉన్న అక్కడి టీమ్ లేకర్స్ తమ కుర్రాళ్ళందర్నీ ఇవ్వజూపుతున్నారని పేపర్లన్నీ పేర్లతో సహా రాశాయి. ఫిబ్రవరి 5న ఇండియానాలో ఆ కుర్రాళ్ళలో ఒకడైన బ్రాండన్ ఇంగ్రమ్ ఫ్రీ త్రో (ఫౌల్‌కి దక్కే ఉచిత షాట్) వేయడానికి నిలబడితే, లెబ్రాన్ నిన్ను పంపించేస్తాడు అంటూ జనం లయగా అరిచారు. ఆ రాత్రి లేకర్స్ 136-94తో ఓడారు, 42 పాయింట్ల తేడా. ఆ బేరం డెడ్‌లైన్‌లోపు కుదరనే లేదు. ఆ టీమ్ ప్లేఆఫ్స్‌కి చేరలేదు, లెబ్రాన్ గాయం కూడా అందుకో కారణం. మీరు గ్రూపుల్లో "వీణ్ణి పీకేయండి" అని రాసేముందు ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడ్డ ఆ 21 ఏళ్ళ కుర్రాణ్ణి తలుచుకోండి.

మరి టొరంటోలో ఏమైంది? మెంఫిస్‌లో ఆటకి 15 పాయింట్లు దాటి చేసిన గాసోల్ ఇక్కడ 9 దగ్గర ఆగిపోయాడు. షాట్ వేయకుండా పాస్ ఇస్తున్నాడని ఇక్కడ చాలామంది విసుక్కున్నారు. మొదటి రౌండులో ఆర్లాండో సెంటర్ వూచెవిచ్ ఎదురొచ్చాడు. సీజన్లో 20.8 పాయింట్లు చేసిన మనిషి, గాసోల్ ముందు 11.2కి పడిపోయాడు. తర్వాత ఎంబీడ్, 27.5 నుంచి 17.6కి. మధ్యలో అతనికి ఒంట్లో బాగోలేదన్నది నిజమే, అయినా తేడా చూడండి. ఈ అంకెలు గాసోల్ పేరు పక్కన ఎక్కవు, ఎదుటివాడి పేరు పక్కన తగ్గుతాయి. మంచి డిఫెండర్‌ను అంచనా వేయాలంటే అతను కాసినవాడి లెక్క తీయాలని నేను ఎప్పుడూ చెప్పేది అందుకే.

ఫిలడెల్ఫియాతో ఏడో ఆట, మే 12. 90-90. చివరి క్షణంలో లెనర్డ్ కార్నర్ నుంచి వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది. ఆ బంతి బయటికి పడి, ఓవర్‌టైమ్‌లో టొరంటో ఓడిపోయి ఉంటే, గాసోల్ బేరం చెడ్డదైపోయేదా? నేనైతే కాదంటాను. ఫిబ్రవరి 7న చేతిలో ఉన్న లెక్కలన్నీ ఆ పని చేయమనే చెప్పాయి. తర్వాత మిల్వాకీ మీద 0-2తో వెనకబడి 4-2తో గెలిచారు. ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ స్టార్లు డురాంట్, థామ్సన్ ఇద్దరూ గాయాలతో దూరమవడం టొరంటో అదృష్టం. జూన్ 13న అమెరికా బయటికి మొదటిసారి ఆ కప్పు వచ్చింది. జులైలో లెనర్డ్ క్లిప్పర్స్‌కి వెళ్ళిపోయాడు, టైమ్ ఒక్క ఏడాదే అన్నది నిజమైంది.

గాసోల్ కథలో ఇంకో ముక్క ఉంది. 2008 ఫిబ్రవరిలో మెంఫిస్ అన్న పావ్‌ను లేకర్స్‌కి ఇచ్చింది. బదులుగా వచ్చినవాటిలో తమ్ముడు మార్క్‌ను టీమ్‌లోకి తీసుకునే హక్కులు కూడా ఉన్నాయి. అతను 2007 డ్రాఫ్టులో 48వ వాడు, ఎవరూ పట్టించుకోలేదు. మెంఫిస్ మోసపోయిందని అందరూ నవ్వారు. పావ్ లేకర్స్‌కి 2009లో, 2010లో కప్పులు తెచ్చాడు, మరి మెంఫిస్‌కి దక్కిన తమ్ముడు దశాబ్దం పాటు ఆ ఊరి టీమ్‌కి వెన్నెముక అయ్యాడు. డెడ్‌లైన్ దాటిన మర్నాడే టీవీలో మార్కులేసేవాళ్ళను అందుకే నేను పెద్దగా పట్టించుకోను.

ఇప్పుడు మీ పని. కాగితం తీసుకుని ఒక టీమ్‌లో మే నెలలో ఆడే ఎనిమిది మందిని రాయండి. 240 నిమిషాలు వాళ్ళకి పంచండి. ప్రతివాడి పక్కన వయసు, కాంట్రాక్ట్ ఏడాది వేయండి. కింద ఆ టీమ్ దాటాల్సిన ముగ్గురు ప్రత్యర్థుల పేర్లు రాసి, ఎవరిని ఎవరు కాస్తారో గీత గీయండి. గీత పడని చోటే లోటుంది. మొదట మీకు నచ్చని టీమ్‌తో చేయండి, ఇష్టమైన టీమ్‌కి లోట్లు కనబడవు. గీతలన్నీ పడితే ఎవర్నీ కదిలించక్కర్లేదని రాయండి, అదీ మంచి జవాబే. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ ఎనిమిది పేర్లూ చదివి వినిపించండి. నిమిషాలు 240కి మించితే మాత్రం ఒప్పుకోను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న