ఇంజిన్ పాడైనా 400 అడుగుల దాకా చెయ్యి కదపని కాక్‌పిట్

విమానం నేల విడిచిన కొన్ని సెకన్లకే ఒక ఇంజిన్ మొరాయిస్తే కాక్‌పిట్‌లో జరిగే పని చాలా తక్కువ. ఎత్తు చూపే ఆల్టిమీటర్ పైకి కదులుతోందని చూసుకుని ఒకరు ‘పాజిటివ్ క్లైంబ్’ అంటారు, రెండోవారు ‘గేర్ అప్’ అంటారు. చక్రాలు లోపలికి పోతే గాలి ఒరిపిడి తగ్గి ఎక్కడం తేలికవుతుంది. ముక్కు పాడైన ఇంజిన్ వైపు తిరిగిపోకుండా, తోకలోని చుక్కానిని కదిపే రడ్డర్ పెడల్‌ను బాగున్న ఇంజిన్ వైపు తొక్కి పడతారు. అలారం మోత ఆపుతారు. అంతే. చాలా ఎయిర్‌లైన్లలో కనీసం 400 అడుగుల ఎత్తు వచ్చేదాకా ఇంజిన్ బలాన్ని పెంచి తగ్గించే థ్రస్ట్ లివర్లను గానీ ఫైర్ స్విచ్‌ను గానీ ముట్టుకోరు. మంటల హెచ్చరిక ఎర్రగా వెలుగుతున్నా సరే.

అంత నిబ్బరం చెల్లడానికి కారణముంది. రెండింజిన్ల జెట్ ఒక ఇంజిన్ పోయినా, చక్రాలు ముడిచాక, వీ-టూ అనే నిర్ణీత వేగంతో కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కగలగాలని సర్టిఫికేషన్ నియమం. అంటే వెయ్యి అడుగులు ముందుకు పోతే 24 అడుగులు పైకి. మిగిలిన ఇంజిన్ సరిగ్గా నడిస్తే చాలు, విమానం ఎక్కుతూనే ఉంటుంది. కంగారులో ఆ మిగిలిన ఇంజిన్‌నే ఆపేస్తే మాత్రం 300 అడుగుల ఎత్తులో దిద్దుకునే వ్యవధి ఉండదు.

వేగం విషయంలో పాఠం 1979 మే 25న చికాగో ఒహేర్ విమానాశ్రయంలో దొరికింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 191 డీసీ-10 నేల విడుస్తుండగా ఎడమ ఇంజిన్, దాన్ని రెక్కకు వేలాడదీసే పైలాన్‌తో సహా ఊడిపోయింది. ఇంజిన్‌నీ పైలాన్‌నీ విడదీయకుండా ఒకేసారి ఫోర్క్‌లిఫ్ట్‌తో దింపి ఎక్కించిన మెయింటెనెన్స్ పద్ధతి వల్ల పైలాన్‌లో పగులు వచ్చింది. ఇంజిన్ పోతూపోతూ హైడ్రాలిక్ పైపులను తెంపింది. దాంతో ఎడమ రెక్క బయటి భాగంలోని స్లాట్లు, అంటే తక్కువ వేగంలోనూ రెక్క విమానాన్ని మోసేలా ముందంచున చాచే పలకలు, వెనక్కి ముడుచుకుపోయాయి, ఆ రెక్క స్టాల్ అయ్యే, అంటే మోసే బలం కోల్పోయే, వేగం 159 నాట్లకు పెరిగింది. కాక్‌పిట్ నుంచి రెక్కలు కనబడవు. స్లాట్ల తేడా చెప్పే హెచ్చరికకు కరెంటు పోయింది, స్టాల్ ముంచుకొస్తోందని కంట్రోల్ కాలమ్‌ను వణికించే, కెప్టెన్ వైపు స్టిక్ షేకర్‌కూ పోయింది. విమానం 172 నాట్లకు చేరుకుంది. అయినా అప్పటి పద్ధతి ప్రకారం సిబ్బంది వేగాన్ని వీ-టూకి, అంటే 153 నాట్లకు, తగ్గిస్తూ వచ్చారు. 159 దగ్గర ఎడమ రెక్క వాలింది. గాలిలో ఉన్నది 31 సెకన్లు. విమానంలో 271 మంది, నేల మీద ఇద్దరు చనిపోయారు. ఆ పైలట్లు నియమం తప్పలేదు, నియమమే ఆ విమానానికి సరిపోలేదు. ఇప్పుడు వీ-టూ కంటే కాస్త ఎక్కువ వేగం చేతిలో ఉంటే దాన్ని వదులుకోరు.

ఏ ఇంజిన్ పాడైందో తేల్చుకోవడం రెండో గండం. 1989 జనవరి 8న బ్రిటిష్ మిడ్‌లాండ్ 92 బోయింగ్ 737-400 లండన్ నుంచి బయల్దేరి 28,000 అడుగులు దాటి ఎక్కుతుండగా ఎడమ ఇంజిన్ ఫ్యాన్ బ్లేడ్ విరిగింది. తీవ్రమైన కుదుపు, పొగ వాసన. సిబ్బంది కుడి ఇంజిన్ వెనక్కి లాగారు. ఇంజిన్ బలాన్ని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్ తీసేయడంతో ఎడమ ఇంజిన్‌కి ఇంధనం తగ్గి, అది కాసేపు కుదుటపడింది. కుదుపు తగ్గింది కాబట్టి సరైన ఇంజిన్‌నే ఆపామనుకున్నారు. జరిగింది ఓసారి సరిచూసుకుందామని మొదలుపెడితే రేడియో పిలుపులు అడ్డుపడ్డాయి. వైబ్రేషన్ చూపే మీటరు మరీ చిన్నది. కెప్టెన్ కుడి ఇంజిన్ అని మైకులో చెప్పినప్పుడు ఎడమవైపు నిప్పులు చూసినవాళ్లు కేబిన్‌లో ఉన్నారు. ఆ మాట ముందుకు చేరలేదు. రన్‌వేకి దగ్గర్లో ఎడమ ఇంజిన్ పూర్తిగా చచ్చిపోయింది. కెగ్‌వర్త్ గ్రామం పక్కన విమానం కూలి 47 మంది మరణించారు.

కేబిన్ సిబ్బందితో మాటామంతీ ఎంత అవసరమో ఆ రాత్రి చెప్పింది. ఇప్పుడు కెప్టెన్ సీనియర్ కేబిన్ సిబ్బందిని పిలిచి నాలుగే సంగతులు చెబుతారు: ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎంత టైముంది, ప్రత్యేకంగా ఏం చేయాలి. విన్నవారు అవన్నీ తిరిగి అప్పజెప్పాలి.

కాక్‌పిట్‌లో ఇంజిన్ ఆపే తీరు చూడండి. ఒక పైలట్ విమానం నడపడం తప్ప వేరే పని పెట్టుకోరు. రెండోవారు లివర్ మీద చెయ్యి వేసి ‘నంబర్ టూ థ్రస్ట్ లివర్, కన్ఫర్మ్?’ అంటారు. నడిపేవారు కళ్లతో చూసి ‘కన్ఫర్మ్’ అన్నాకే లివర్ వెనక్కి వస్తుంది. ఫ్యూయల్ స్విచ్‌కి మళ్లీ అదే, ఫైర్ బటన్‌కి మళ్లీ అదే. ఎయిర్‌బస్ ఏ320లో ఫైర్ బటన్ నొక్కాక 10 సెకన్లు ఆగి మొదటి సిలిండర్ వదులుతారు. ఇంజిన్ తిరగడం నెమ్మదించి, లోపలి గాలి పారుదల తగ్గితేనే మంటలార్పే వాయువు చెదిరిపోకుండా నిలుస్తుంది. 30 సెకన్ల తర్వాతా మంట హెచ్చరిక పోకపోతే రెండోది.

ఈ పద్ధతి తప్పితే ఏమవుతుందో 2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్‌ఏషియా 235లో బయటపడింది. ఏటీఆర్ 72-600లో ఆటోఫెదర్ యూనిట్‌లో సోల్డర్ అతుకు పగిలి, బాగానే ఉన్న రెండో ఇంజిన్ ప్రొపెల్లర్ తనంతట తానే ఫెదర్ అయింది, అంటే దాని రెక్కలు గాలికి అంచు చూపేలా తిరిగి తోపుడు బలం పోయింది. కెప్టెన్ వెంటనే మొదటి ఇంజిన్ లివర్ వెనక్కి లాగారు, చివరికి దాన్నే ఆపేశారు. తప్పు తెలిసేసరికి ఎత్తు మిగల్లేదు. 58 మందిలో 43 మంది పోయారు.

వెనక్కి దిగాలంటే బరువు ఇంకో చిక్కు. సుమారు 78 టన్నులతో ఎగిరే ఏ320 రకాలు దాదాపు 66 టన్నులతోనే దిగాలి, పైగా వాటిలో గాల్లో ఇంధనం పారబోసే ఏర్పాటు లేదు. పెద్ద విమానాలు చాలావాటిలో ఉంది. మంట ఆరకపోతే బరువు లెక్క చూడరు, దిగేస్తారు. ల్యాండింగ్ గేర్ ఆ భారాన్ని కూడా సెకనుకు 6 అడుగుల దిగుడు వేగం దాకా ఓర్చుకునేలా డిజైన్ చేస్తారు, తర్వాత తనిఖీ తప్పనిసరి. మంట లేనప్పుడు చక్కర్లు కొట్టి ఇంధనం కాల్చుకోవడమో, చెక్‌లిస్ట్ నిదానంగా పూర్తిచేయడమో మేలు.

ఆ నిదానానికి నా దృష్టిలో క్వాంటాస్ 32ని మించిన ఉదాహరణ లేదు. 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి లేచిన ఏ380, సుమారు 7,000 అడుగుల దగ్గర ఉండగా, రెండో ఇంజిన్ బద్దలై ముక్కలు రెక్కలోంచి దూసుకుపోయాయి. తెర మీద వరుసకట్టిన హెచ్చరికలన్నీ చూసుకోవడానికి సుమారు 50 నిమిషాలు పట్టింది. దాదాపు గంటా నలభై ఐదు నిమిషాల తర్వాత దిగారు. బ్రేకులు 900 డిగ్రీలకు కాగాయి, ఎడమ రెక్క నుంచి ఇంధనం కారుతోంది, మొదటి ఇంజిన్ ఎంతకీ ఆగలేదు. అయినా కెప్టెన్ అత్యవసరంగా జారి దిగే స్లైడ్లు తెరిపించలేదు. నడుస్తున్న ఇంజిన్ దగ్గరికి, కారుతున్న ఇంధనంలోకి జనాన్ని జార్చడం కంటే, ఫైరింజన్లు నురగ చల్లుతుండగా లోపలే కూర్చోబెట్టడం క్షేమమని లెక్కేశారు. 469 మందీ కుడివైపు మెట్ల మీదుగా, ఒక్క గాయం లేకుండా దిగారు. ఆ ఇంజిన్‌ను ఆపడానికి మాత్రం దిగాక మరో మూడు గంటలు పట్టింది.