మౌసా, ట్రాక్‌ప్యాడా? ముందు మీ టేబుల్ చూస్కోండి

మా ఇంట్లో కంప్యూటర్ ఉన్న టేబుల్‌కి పైన అద్దం ఉంది, దాని కింద పెళ్లి ఫొటోలు, ఎవరిదో విజిటింగ్ కార్డు. కొత్త మౌస్ తెచ్చి పెడితే బాణం గుర్తు కదలదు, ఉన్నచోటే వణుకుతోంది. పాడైన పీస్ అంటగట్టాడని షాపువాణ్ణి తిట్టుకుంటూ డబ్బాలో పెట్టేస్తుంటే మా అమ్మ వచ్చి పాత పేపరు నాలుగు మడతలు పెట్టి దాని కింద దోపింది. అంతే, పరిగెత్తింది.

పాపం మౌస్ తప్పేం లేదు. ఆప్టికల్ మౌస్ పొట్ట కింద ఓ చిన్న లైటు, బుల్లి కెమెరా ఉంటాయి. 1999లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన మౌసే సెకనుకి 1500 ఫొటోలు తీసేది. ఒక ఫొటోలో ఉన్న గరుకు తర్వాతి ఫొటోలో ఎటు జరిగిందో చూసి, చెయ్యి ఎటు కదిలిందో లెక్కేసుకుంటుంది. పేపర్లో పీచు కనిపిస్తుంది, శుభ్రంగా తుడిచిన అద్దంలో ఏం కనిపిస్తుంది?

ట్రాక్‌ప్యాడ్‌కి, అంటే లాప్‌టాప్‌లో కీల కింద వేలితో రాసే ఆ పలకకి, కన్ను లేదు. పైపొర కింద అడ్డంగా నిలువుగా సన్నటి తీగల్లాంటి ఎలక్ట్రోడ్లు ఉంటాయి, మన వేలు కరెంటుని కొంచెం పోనిస్తుంది కాబట్టి దగ్గరికి రాగానే అక్కడి కెపాసిటెన్స్ (కరెంటు ఛార్జిని పట్టి ఉంచుకునే గుణం) రవ్వంత మారుతుంది, ఆ మార్పు ఏ గడి దగ్గరో చూసి వేలు ఎక్కడుందో పట్టేస్తుంది. పెన్ను మూతతో గీస్తే పలకదు అందుకే. అంట్లు తోముతూ తడిచేత్తో వచ్చి ముట్టుకుంటే పిచ్చిపట్టినట్టు గెంతేదీ అందుకే, నీళ్లని కూడా వేలే అనుకుంటుంది. మన ఇళ్లలో ఇంకో తమాషా ఉంది, ఛార్జర్ పెట్టినప్పుడే కర్సర్ గెంతుతోందంటే చాలాసార్లు ప్యాడ్ బానే ఉంటుంది, ఎర్తింగ్ లేని ప్లగ్గో నాసిరకం ఛార్జరో కరెంటులో తెచ్చే అలజడి అది. ఓసారి ఛార్జర్ పీకి చూడండి.

సరే, ఏది కొనాలి? 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికా సైకాలజిస్టు ఒక లెక్క తేల్చాడు, చేరాల్సిన గురి ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే చెయ్యి అంత టైమ్ తీసుకుంటుంది, దూరంతో పాటు గురి సైజు కూడా రెండింతలైతే మాత్రం టైమ్ మారదు. 1978లో జిరాక్స్ కంపెనీవాళ్ల పార్క్ (PARC) అనే పరిశోధన ల్యాబ్‌లో మౌస్‌ని జాయ్‌స్టిక్‌తో, బాణం కీలతో పోటీపెట్టి చూస్తే మౌసే గెలిచింది, పైగా అది ఫిట్స్ లెక్కకి బాగా సరిపోయింది. అప్పటికి ఇళ్లలో మౌసే లేదు, ట్రాక్‌ప్యాడ్ మాటే లేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1964లో చెక్కపెట్టెకి రెండు చక్రాలు తగిలించి చేసిన మౌస్ అప్పటికింకా ల్యాబుల్లోనే తిరుగుతోంది. ట్రాక్‌ప్యాడ్ మామూలు జనానికి తెలిసింది 1994లో ఆపిల్ పవర్‌బుక్‌లతో.

నా లెక్కలో అసలు తేడా పని పంపకంలో ఉంది. మౌస్‌తో కదపడం చెయ్యీ మణికట్టూ చూసుకుంటాయి, నొక్కడం వేలు చూసుకుంటుంది. ట్రాక్‌ప్యాడ్‌లో రెండూ వేళ్ల నెత్తినే. ఎక్సెల్లో రెండొందల వరసలు సెలెక్ట్ చేయండి, తెలుస్తుంది: నొక్కిపట్టి లాగుతుంటే ప్యాడ్ అయిపోతుంది, నూతిలో చేద లాగినట్టు ఇంకో వేలు మార్చి మార్చి లాగాలి, మధ్యలో జారిందా మళ్లీ మొదటికే. అదే పెద్ద పీడీఎఫ్ చదవడానికో, మ్యాప్‌లో ఊరు వెతకడానికో ట్రాక్‌ప్యాడ్‌కి సాటి లేదు, రెండు వేళ్లతో జరపడం, సాగదీయడం అంత హాయి మౌస్ చక్రానికి రాదు. మంచం మీద పడుకుని వాడేవాళ్లకైతే అసలు చర్చే అక్కర్లేదు.

చెయ్యి నొప్పి సంగతి కూడా చెప్పాలి. కీబోర్డుకి కుడిపక్క నంబర్ల గడి ఉంటే మౌస్ దాని అవతలికి పోతుంది, మోచెయ్యి గంటలకొద్దీ బయటికి చాపే ఉంటుంది, భుజం లాగేస్తుంది. నంబర్లు లేని పొట్టి కీబోర్డు తీసుకుంటే ఆ దూరం తగ్గుతుంది. ట్రాక్‌ప్యాడ్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు, కానీ లాప్‌టాప్‌దే వాడాలంటే మెడ వంగుతుంది, లాప్‌టాప్‌ని స్టాండెక్కిస్తే చెయ్యి అందదు.

రోజూ లెక్కలూ ఫొటోలూ చూసుకునేవాళ్లకి నేనైతే మౌసే చెప్తా. నేను మాత్రం కుడిచేతికి మౌస్ పెట్టుకుని, ఎడమ పక్క విడి ట్రాక్‌ప్యాడ్ పెట్టి దాంతో స్క్రోల్ చేస్తున్నా, చూసినవాళ్లు నవ్వుతారు. పేపర్ మడత ఇంకా ఉంది, మా అమ్మ ఆదివారం ఆదివారం మారుస్తుంది.