శాసన మండలి, డిగ్రీ ఓటు: అపోహలు - వాస్తవాలు

కావలిలో డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెబుతాను. శాసన మండలి (అసెంబ్లీకి పైన ఉండే సభ) ఎన్నికల్లో పోలింగ్ డ్యూటీ, ఒకసారి కౌంటింగ్ డ్యూటీ కూడా చేశాను. చదువుకున్నవాళ్ల ఓట్లు చెల్లవని కట్టలు కట్టలుగా పక్కన పడేయడం ఆరోజు చూశాను. అప్పటినుంచి కనబడ్డవాళ్లందరికీ ఈ సంగతులే చెబుతున్నాను.

అపోహ: అసెంబ్లీలో గెలిచిన పార్టీదే మండలి కూడా.

వాస్తవం: మన ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది సభ్యులు. ఎమ్మెల్యేలు 20 మందిని, స్థానిక సంస్థల సభ్యులు 20 మందిని, పట్టభద్రులు 5 గురిని, ఉపాధ్యాయులు 5 గురిని ఎన్నుకుంటారు. మిగతా 8 మందిని గవర్నర్ నామినేట్ చేస్తారు. గడువు ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతారు. అందుకే పార్టీల లెక్క నిదానంగా మారుతుంది. 2019లో వైఎస్సార్‌సీపీ 151 సీట్లు గెలిచినా మండలిలో టీడీపీదే పైచేయి. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుకు బ్రేక్ పడింది అక్కడే. 2024లో కూటమికి 164 సీట్లు వచ్చేసరికి మండలిలో ఎక్కువమంది వైఎస్సార్‌సీపీ వాళ్లు.

మన ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు స్థానాలే చూడండి. 2023లో పట్టభద్రులు టీడీపీ నుంచి కంచర్ల శ్రీకాంత్‌ను, ఉపాధ్యాయులు వైఎస్సార్‌సీపీ నుంచి పర్వతరెడ్డి చంద్రశేఖర్ రెడ్డిని గెలిపించారు. అంతకుముందు రెండూ పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) వాళ్లవే.

అపోహ: మండలి ఏ బిల్లునైనా ఆపేయగలదు.

వాస్తవం: ఆలస్యం చేయగలదు, అంతే. మామూలు బిల్లును మొదట మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పంపితే ఇంకో నెల. ద్రవ్య బిల్లుకైతే 14 రోజులే.

అపోహ: ఓటరు కార్డుంది కదా, డిగ్రీ ఓటు దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. పట్టభద్రుల జాబితా ప్రతి ఎన్నికకూ మొదటినుంచి తయారుచేస్తారు. పోయినసారి ఓటేసినవాళ్లు కూడా ఫారం 18 (పట్టభద్రుల ఓటు నమోదు దరఖాస్తు) మళ్లీ నింపాల్సిందే. అర్హత తేదీకి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. ఇంట్లో ముగ్గురు డిగ్రీవాళ్లుండి ఒక్క ఓటూ లేని ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. నాకు అది చాలా బాధ.

అపోహ: టీచర్లందరికీ టీచర్ ఓటుంటుంది.

వాస్తవం: హైస్కూలు, ఆపై స్థాయిలో గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు చెప్పినవాళ్లకే. ప్రైమరీ టీచరుకు డిగ్రీ ఉంటే పట్టభద్రుల ఓటుకు అప్లై చేసుకోవచ్చు.

అపోహ: నచ్చినవాళ్ల పేరుకు టిక్కు పెడితే చాలు.

వాస్తవం: ఆ ఓటు చెల్లదు. ఇది ఈవీఎం కాదు, కాగితం. పార్టీ గుర్తులుండవు. అధికారి ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతో పేరు ఎదురుగా 1 అని అంకె వేయాలి. సొంత పెన్ను వాడినా, సంతకం చేసినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, ఇద్దరికి 1 వేసినా పోయినట్టే. నేను చూసిన కట్టల్లో ఇవన్నీ ఉన్నాయి. తొందర వద్దు, టెన్షన్ వద్దు, ఒక్క నిమిషం ఆగి వేయండి.

అపోహ: ఇంకొకరి పేరు ఎదురుగా 2 (రెండో ప్రాధాన్యం) కూడా వేస్తే నేను 1 వేసినవాళ్లకు నష్టం.

వాస్తవం: మీరు 1 వేసినవాళ్లు పోటీలో ఉన్నంతసేపూ మీ 2ని ఎవరూ చూడరు. చెల్లిన ఓట్లలో సగానికి పైన ఎవరికీ రాకపోతే, అట్టడుగునున్నవాళ్లను తప్పించి, వాళ్ల కాగితాల్లోని 2 ఎవరికుందో వాళ్లకు కలుపుతారు. 2023లో పడమటి రాయలసీమ పట్టభద్రుల సీటు ఇలా రెండో ఓట్లతోనే తేలింది.

మన సీటు గడువు 2029 మార్చి వరకు. కాబట్టి 2028 చివర్లో నమోదు మొదలవ్వాలి. డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్సు మీద అటెస్టేషన్ చేయించి దగ్గర పెట్టుకోండి.