శీతకాలపు పిట్టల హైకూలు: అపోహలు, వాస్తవాలు

జపనీస్ హైకూలను తెలుగు చేస్తుంటానని తెలియగానే చాలామంది అనే మాట ఒకటే: "మూడు పంక్తులేగా, పూటకు పది చేయవచ్చు." ఒక్క బాతు దగ్గర నాకు మూడు వారాలు పట్టింది. ఆ బాతు సంగతి తరువాత.

అపోహ: హైకూ అంటే పదిహేడు అక్షరాలు.

జపనీయులు లెక్కపెట్టేది అక్షరాలను కాదు, 'ఓన్'లను. ఛందస్సు తెలిసినవారికి వివరించనక్కరలేదు, ఓన్ దాదాపు మన మాత్రే, అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సమయం. 'టోక్యో' అనే మాటలో అక్షరాలు రెండు, రెండూ గురువులు, ఒక్కోదానికి రెండు మాత్రలు కనుక మొత్తం నాలుగు. జపనీస్‌లోనూ దానికి నాలుగు ఓన్‌లే. పోనీ పదిహేడు మాత్రల్లో ఇరికిద్దామంటే, విభక్తులు తగిలించుకున్న తెలుగు మాటలు నాలుగైదు పడితే గొప్ప. నేను లెక్క మానేశాను. మూడు పంక్తుల మాటా అంతే. జపాన్‌లో హైకూను సాధారణంగా ఒకే నిలువు వరుసలో అచ్చువేస్తారు.

అపోహ: ఎండుకొమ్మ మీద కాకి ఉంటే అది శీతకాలమే.

పదిహేడో శతాబ్దపు జపాన్ కవి బషో రాసిన ఆ ప్రసిద్ధ కాకి హైకూ 'అకి నో కురె' అని ముగుస్తుంది. అకి అంటే శరత్తు. ఋతువును తేల్చేది మన కళ్లకు కట్టే దృశ్యం కాదు, 'కిగో' అనే ఋతుపదం. బాతు, డేగ, గుడ్లగూబ శీతకాలానివి. 'ఉగుఇసు' అనే పాటపిట్ట వసంతానిది, కానీ అదే పిట్ట చలిలో పొదల మాటున చేసే చిన్న కిచకిచకు 'ససనకి' అని వేరే పేరుంది, అది శీతకాలానిది. ఈ పదాల కోశాల్లో శీతకాలం నవంబరు 7 ప్రాంతంలో మొదలై ఫిబ్రవరి 3 ప్రాంతంలో ముగుస్తుంది. అందుకే 'శిశిరం' అని రాయడానికి నాకు చేయి రాదు. మన మాఘ ఫాల్గుణాలు వాళ్లకు చాలావరకు వసంతం.

ఇంతకీ కొమ్మ మీద కాకులెన్ని? జపనీస్ చెప్పదు. తెలుగు క్రియ ఊరుకోదు: వాలిందా, వాలాయా? ఈ హైకూతో వచ్చిన పాత చిత్రాల్లో ఒంటి కాకి ఉన్నదీ ఉంది, గుంపు ఉన్నదీ ఉంది. నేను క్రియనే తప్పించి నామవాచకాన్ని ఆశ్రయిస్తాను. కాకిగోల అన్నప్పుడు ఎన్ని కాకులని ఎవరైనా అడుగుతారా?

అపోహ: చలిలో పిట్ట అంటే విషాదం.

1687లో జపాన్ సముద్రతీరాన ఇరాగో అనే కొసన బషో "ఒక్క డేగ కనిపించి" అని, వెంటనే 'ఉరెషి' అన్నాడు. సంతోషం అని నేరుగా చెప్పిన మాట అది. ఆ దాపునే బహిష్కృతుడై ఉంటున్న శిష్యుడు తొకొకును చూడబోయిన ప్రయాణం అది. ఒకటే అని చెప్పదలిస్తే చెప్పగలడని కూడా ఇక్కడే తెలుస్తుంది.

అపోహ: పదాలన్నీ తెలిస్తే అర్థం తేలిపోతుంది.

ఇక బాతు. జపాను చాంద్రమానం లెక్కన 1684 చివరి నెల, అత్సుత తీరం, పడవలో బషో:

ఉమి కురెతె / కమొ నొ కొఎ / హొనొక ని షిరొషి

సముద్రం, బాతు, గొంతు, తెలుపు. కష్టమైన మాట ఒక్కటీ లేదు. నా అనువాదం చూసిన ఒక సంపాదకుడు 'తెల్లని బాతులు' అని దిద్ది పంపారు. తెల్లగా ఉన్నది బాతు కాదు, దాని గొంతు, అంటే వినిపించే ధ్వని. పైగా కమొ అడవిబాతు, పెరటిది కాదు. కొల్లేటికి చలికాలంలో వచ్చే సూదితోక బాతు జపాన్‌లోనూ చలికాలం గడుపుతుంది, ఆ జాతి వలసపిట్టలవి. చివరి రెండు ముక్కలను తారుమారు చేస్తే చక్కగా హైకూకు మామూలైన 5-7-5 ఓన్‌ల వరస వచ్చేది. బషో 5-5-7 గానే ఉంచాడు. తెలుపు చివరే రావాలి: ముందు చీకటి, తరువాత గొంతు, ఆ తరువాతే ఆ వింత.

'హొనొక' చూపుకూ వినికిడికీ రెంటికీ చెల్లుతుంది. మసక అంటే చూపే, సన్నగా అంటే శబ్దమే. మూడో వారంలో దొరికింది 'లీలగా'. లీలగా కనిపిస్తుంది, లీలగా వినిపిస్తుంది కూడా.

కడలి మసకబారి
అడవిబాతు గొంతు
లీలగా తెల్లన

ఇరవై ఒక్క అక్షరాలు, ఇరవై ఏడు మాత్రలు. 'గొంతు' మాత్రం ఇంకా నలుగుతోంది. అరుపు అంటే గోల, పిలుపు అంటే ఎవరినో పిలిచినట్టు.