ఆ బూడిద ఎవరిది?

రామగుండం లాంటి బొగ్గు ప్రాంతాల్లో ఎండాకాలం గాలిదుమారం లేస్తే, యాష్ పాండ్‌లో (థర్మల్ విద్యుత్ ప్లాంటు బొగ్గు బూడిదను నింపే చెరువులో) ఎండిన బూడిద పక్కనున్న మామిడి తోటల మీద, కూరగాయల మళ్ల మీద పడుతుంది. ఆకు మీద అది పొరలా పేరుకుంటే వెలుతురు అందదు, పత్రరంధ్రాలు మూసుకుపోతాయి, కాపు తగ్గుతుంది.

భూమి పాస్‌బుక్కు రైతు పేరు మీదే ఉంటుంది. తన భూమి మీదికొచ్చే గాలిని, నీటిని ఇతరులు అడ్డగోలుగా పాడుచేయకూడదన్నది యజమాని హక్కని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలోనే రాసి ఉంది. అంతకుముందే, 1868లో, ఇంగ్లండ్‌లో ఓ మిల్లు యజమాని తవ్వించిన చెరువు నీళ్లు పక్కవాళ్ల బొగ్గు గనిలో పడితే, ఆయన నిర్లక్ష్యం లేకపోయినా నష్టం ఆయనే భరించాలని తీర్పొచ్చింది. ఢిల్లీలో 1985లో గ్యాస్ లీకయ్యాక మన సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది: ప్రమాదకర పరిశ్రమ నష్టం భరించడంలో ఏ మినహాయింపూ లేదని 1986లో తేల్చేసింది.

ఇంతా చేసి రైతు ఓడిపోయేది మరోచోట. యాజమాన్యం తప్పు చేసిందని చూపక్కర్లేకపోయినా, ఆ దుమ్ము అక్కణ్నుంచే వచ్చిందని మాత్రం చూపాలి. "క్రషర్ దుమ్మేమో, రోడ్డు మట్టేమో" అని అవతలి వకీలు అంటాడు. దానికి జవాబు మైక్రోస్కోపులో దొరుకుతుంది. బాయిలర్‌లో బొగ్గుపొడి మండేటప్పుడు అందులోని మట్టి, ఇసుక కరిగి బొట్లవుతాయి, పొగతో పైకిపోతూ గాజుపూసల్లా గట్టిపడతాయి. అందుకే థర్మల్ బూడిదలో ఎక్కువ రేణువులు గుండ్రంగా ఉంటాయి. గ్రానైట్ క్రషర్ దుమ్ము పగిలిన రాయి కాబట్టి పదునైన అంచులతో ఉంటుంది. పూసలు కనబడితే అది బొగ్గు బూడిదేనని గట్టిగా వాదించొచ్చు. ఏ ప్లాంటుదో తేల్చడానికి ఆ పాండ్ నమూనాతో పోల్చాలి, ఆ రోజుల గాలి దిశ చూడాలి. నా దృష్టిలో రైతుకు చట్టం పుస్తకాలకన్నా ముందు కావాల్సింది ఈ పరీక్ష. దాని ఖర్చు రైతు మీద పడకూడదు. పరీక్షకు సాక్ష్యం మిగలాలంటే దుమ్ము పడిన వారంలోనే ఆకులు కాగితం కవర్లో దాచి, సర్వే నంబరు, తేదీ రాసి, వ్యవసాయాధికారి ముందు పంచనామా చేయించాలి. వాన కురిస్తే సాక్ష్యం కడుక్కుపోతుంది.

వాడకుండా మిగిల్చిన బూడిదకు ప్లాంటు టన్నుకు 1,000 రూపాయలు కట్టాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు నోటిఫికేషన్ చెబుతోంది. ఆ డబ్బు రైతు చేతికి రాదు. తన నష్టానికి ఆయనే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, అదీ నష్టం మొదలైన 5 ఏళ్లలోపు.