రక్తనాళం తెరుచుకున్నాక గుండెకు కలిగే గాయం, నానో మందులు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో గుండె వైద్యుడిగా నేను తరచూ వినే మాటలివి.

అపోహ: గుండెపోటు వచ్చినప్పుడు మూసుకుపోయిన నాళాన్ని తెరిచి స్టెంట్ వేశాక గుండె కండరానికి ఇక నష్టం ఉండదు.

వాస్తవం: ప్రాణవాయువు అందక అల్లాడిన కణాలకు రక్తం ఒక్కసారిగా చేరినప్పుడు వాటికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియాలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు ఉప్పెనలా పుట్టుకొస్తాయి, కాల్షియం మితిమీరుతుంది, మైటోకాండ్రియా పొరలో రంధ్రాలు తెరుచుకుని కొన్ని కణాలు అక్కడికక్కడే చనిపోతాయి. 1960లో పరిశోధకుడు జెన్నింగ్స్ బృందం కుక్కల గుండెల్లో గమనించిన ఈ రీపర్‌ఫ్యూజన్ (రక్తం తిరిగి చేరడం వల్ల కలిగే) గాయం, చివరికి చచ్చుబడే కండరంలో సగం దాకా ఉండవచ్చని జంతు ప్రయోగాలు సూచిస్తున్నాయి.

అపోహ: అలాంటప్పుడు నాళం తెరవకపోవడమే మేలు.

వాస్తవం: పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి వచ్చిన ఒక రోగి కుమారుడు నన్ను ఇదే అడిగారు. తెరవకపోతే ఆ నాళం మీద ఆధారపడిన కండరంలో చాలా భాగం పోతుంది. తెరిస్తే దక్కేది ఎక్కువ, పోయేది తక్కువ. ఆలస్యం చేయడానికి ఈ గాయం సాకు కాకూడదు.

అపోహ: నానో మందు నేరుగా గుండెకే వెళ్లి నయం చేస్తుంది.

వాస్తవం: మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు. నానోమీటర్లలో కొలిచే, మందు నింపిన రేణువులే నానో మందులు. వీటిని రక్తంలోకి ఎక్కిస్తే, వాటిలో అధిక భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. అయితే గాయపడిన చోట నాళాల గోడలు వదులవుతాయి కనుక, అక్కడికి చేరే తెల్ల రక్తకణాలు రేణువులను మింగుతాయి కనుక, కొంత మందు గమ్యం చేరుతుంది. సైక్లోస్పోరిన్‌నే తీసుకోండి. మైటోకాండ్రియా పొరలో ఆ రంధ్రాలు తెరుచుకోకుండా ఆపే ఈ మందును విడిగా ఇస్తే 2015లో వెలువడిన పెద్ద పరీక్షలో రోగులకు మేలు కనబడలేదు. అదే మందును, కరిగిపోయే కుట్ల దారాల్లో వాడే తరహా పాలిమర్ రేణువుల్లో నింపి ఇస్తే ఎలుకల్లో గాయం తగ్గింది. నాకు ఆశ ఉంది కాని తొందర లేదు, ఎందుకంటే ప్రయోగశాల ఎలుకకు మధుమేహమూ ఉండదు, ముప్పై ఏళ్ల పొగతాగే అలవాటూ ఉండదు. పైగా నాళం తెరుచుకున్న తొలి నిమిషాల్లోనే మందు అక్కడ ఉండాలి. రాత్రి రెండింటికి వచ్చిన రోగికి అది సిద్ధంగా దొరకాలి. ఈ గాయానికి ఆమోదం పొందిన నానో మందు ఇప్పటికి ఏదీ లేదు.

అపోహ: స్వర్ణభస్మం కూడా నానో బంగారమే, అది చాలు.

వాస్తవం: రేణువు చిన్నదైనంత మాత్రాన మందు కాదు. నోటితో మింగిన భస్మం, ఆ తొలి నిమిషాల్లో గుండె కండరాన్ని కాపాడుతుందనడానికి ఆధారం లేదు.